వ్యాన్ చిన్నదైన సాయంత్రం

కుట్టుకొట్టు వెనక షెడ్డులో ఆ వ్యాన్ నిలిచిపోయినప్పటినుంచీ దాని తాళంచెవి దబ్బనమ్మ దగ్గరే ఉంది. నడుముకు కట్టుకునే పనిసంచిలో సుద్దముక్కా, కత్తెరా, దారపుండలూ ఎక్కడుంటాయో అదీ అక్కడే. కొట్టు కట్టేసినా ఆ సంచి విప్పేది కాదు. పడుకునేటప్పుడు విప్పినా తలగడ కిందే పెట్టుకునేది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బళ్ళ సీట్లకు తొడుగులు, లారీలకు టార్పాలిన్లు, సామాను బిగించే పట్టీలు కుడుతుంది. ఎంత మందం గుడ్డలోనైనా దబ్బనం దించి దారం లాగేస్తుంది. ఆమె మాట కూడా అలాగే దిగుతుంది. రెండూ కలిసి దబ్బనమ్మ అయింది.

"అత్తయ్యా, తాళం ఇవ్వండి" అన్నాడు అల్లుడు, గుమ్మం దాటకుండానే.

దబ్బనమ్మ మిషను ఆపలేదు. "లోపలికి రా. మంచినీళ్ళు తాగుతావా?"

"తాగుతాను. తాళం కూడా ఇవ్వండి."

"నీళ్ళు కుండలో ఉన్నాయి. తాళం లేదు."

అల్లుడు నీళ్ళు తాగాడు. గ్లాసు బోర్లించి, మిషను పక్కన ఉన్న ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆ పీట మీద ఇంతకుముందు కూర్చునే మనిషి వేరు. అది ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమె మిషను ఇంకాస్త వేగంగా తొక్కింది.

కూతుర్ని ఆమె నీటికోడి అని పిలిచేది. నడక రాకముందే నీళ్ళతొట్టిలో పడి, ఏడవకుండా కేరింతలు కొట్టిన పిల్ల. పెద్దదయ్యాక వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి దిగే విద్య నేర్చుకుంది. "దిగి ఏం చేస్తావే?" అంటే "చూస్తానే" అనేది. "చూసి?" "పైకొచ్చేస్తా." "దీనికా ఇంత సరంజామా!" అని దబ్బనమ్మ ముక్కున వేలేసుకునేది.

ఆ పిల్ల అదే విద్య తెలిసినవాణ్ణి చేసుకుంది. ఇద్దరూ అదే బతుకుతెరువు చేసుకున్నారు. జనాన్ని సముద్రానికి తీసుకెళ్ళి, నీటి కిందికి దింపి చేపల్ని చూపించడం, రాత్రికి ఒడ్డున గుడారాలు వేసి పడుకోబెట్టడం, పొద్దున్నే చేతికి తెడ్లిచ్చి గాలిపడవల్లో తిప్పడం. ఈ తతంగమంతటికీ ఒక్కటే వ్యాన్.

సామాను చూస్తే కళ్ళు తిరిగేవి. సిలిండర్లు, నడుముకు కట్టుకునే సీసపు దిమ్మలు, రబ్బరు సూట్లు, కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలు, కళ్ళకు మాస్కులు, గాలి పీల్చే గొట్టాలు. ఇవి నీళ్ళ సరుకు. ఒడ్డు సరుకు వేరే: గుడారాలు, పక్కచుట్టలు, తెడ్లు, హెల్మెట్లు, చుట్టిన గాలిపడవలు, స్టవ్వు, గిన్నెలు. షెడ్డు నేలమీద పరిస్తే రెండు బళ్ళ సామాను. నీటికోడి దాన్ని ఒక్క బండిలో పట్టించేది.

నీళ్ళలో అల్లుడు మొనగాడు గానీ వ్యాన్ దగ్గర ఆ పిల్లదే రాజ్యం. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ముందు సిలిండర్లు, డ్రైవరు సీటు వెనక్కి ఆనించి అడ్డంగా. వాటి సందుల్లో రెక్కలు. సీసం నేలబారున. బోలుగా ఉన్నదేదీ బోలుగా ప్రయాణం చెయ్యకూడదని ఆ పిల్ల పట్టుదల. హెల్మెట్‌లో మాస్కు, మాస్కులో మేజోళ్ళు, గిన్నెలో స్టవ్వు, బూట్లలో గ్లౌజులు. అమ్మ కుట్టిన పట్టీతో ఒక్కో వరసా బిగించి, పట్టీ కొసను మడతలు పెట్టి లోపలికి దోపేది. "కొస వేలాడుతుంటే నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టుంటుందే" అనేది. టాపు మీద ఎప్పుడూ ఒక్క మూట కట్టలేదు. మూటలు కట్టుకుపోయే బండి ఎదురైతే, "అదుగో, ఇల్లు ఖాళీ చేసి పారిపోతున్నారు" అని పడీ పడీ నవ్వేది.

ఆఖరిసారి సర్దిన సాయంత్రం దబ్బనమ్మ లారీ టార్పాలినుకు అంచు కుడుతోంది. నీటికోడి షెడ్డులోంచి వచ్చి ఆ ముక్కాలి పీట మీద కూలబడి నీళ్ళడిగింది. గటగటా తాగేసి, "ఇవాళ వ్యాన్ చిన్నదైపోయిందే అమ్మా" అంది.

"వ్యాన్ చిన్నదవలేదే, నువ్వు లావయ్యావు" అంది దబ్బనమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున బయల్దేరేముందు బూటు లేసు కట్టుకోవడానికి మెట్టు మీద వంగిన పిల్ల మళ్ళీ లేవలేదు. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు.

ఆ నవ్వు దబ్బనమ్మకు మిగిలింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. "వ్యాన్ చిన్నదైపోయిందే అంది. నువ్వే లావయ్యావన్నాను. ఎంత నవ్విందో! నవ్వుతూ పోయింది నా తల్లి." ఆ నవ్వుతో పాటు వ్యాన్ మిగిలింది, నీటికోడి సర్దింది సర్దినట్టు, తలుపులు వేసింది వేసినట్టు. అల్లుడు తీరానికి వెళ్ళిపోయి ఎవరి సామానో అరువు తెచ్చుకుని పని నెట్టుకొచ్చాడు. వానలొచ్చాయి, పోయాయి. మధ్యలో అప్పుడప్పుడూ వచ్చి అత్తగారిని చూసి వెళ్ళేవాడు. వ్యాన్ ఊసు ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఇవాళే ఎత్తాడు.

"సముద్రం కుదుటపడింది అత్తయ్యా. అరువిచ్చినవాళ్ళు వాళ్ళ సామాను వాళ్ళకి ఇచ్చెయ్యమంటున్నారు. మన సిలిండర్లు పరీక్షకివ్వాలి. పరీక్ష చేసి ముద్ర వెయ్యకపోతే ఎవరూ గాలి నింపరు."

"ఒక్కడివే దిగుతావా?"

"ఒక్కడు దిగకూడదు కదా. ఒకరి గాలి ఇంకొకరు చూసుకోవాలి. కొత్త జోడీ దొరికాడు. పెద్దాయన."

"మంచివాడేనా?"

"నీళ్ళలో బంగారం. పైకొస్తే గురక."

దబ్బనమ్మ పెదవి ఒకవైపు కదిలింది. అంతలోనే సర్దుకుంది. "ఆ సామాను నా కూతురు చేత్తో సర్దిన ఆఖరి సామాను. అలా ఇంకెవరు సర్దగలరు? నువ్వా? నేనా? ఒక్కటి కదిపినా చెదిరిపోతుంది. తర్వాత నాకేం మిగుల్తుంది చెప్పు."

అల్లుడు షెడ్డు వైపు చూశాడు. "నాకు మాత్రం ఇంకేం ఉందత్తయ్యా? అందుకే కదా ఇన్నాళ్ళూ అడగలేదు" అన్నాడు.

అప్పుడు మిషను ఆగింది.

"తీస్తే మళ్ళీ అలాగే పెట్టాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అంది దబ్బనమ్మ.

"అలాగే పెడదాం. ఒక్కోటీ తీసినప్పుడల్లా ఫోన్‌లో ఫొటో తీస్తాను."

"ఫొటోలో పైనున్నది కనిపిస్తుంది. ఏది దేన్ని ఆనుకుందో కనిపించదు. రేపు పొద్దున రా. నా పద్ధతిలో తీద్దాం."

పాత సీటు తొడుగు విప్పేటప్పుడు దబ్బనమ్మకు ఒక పద్ధతి ఉంది. ఎంత చిరిగిన తొడుగైనా కత్తెరతో పరపరా కోసెయ్యదు. కుట్టు కుట్టూ విప్పుతుంది. ఏ ముక్క అంచు ఏ ముక్క అంచుతో కలిసిందో, ఆ రెండంచులకూ ఒకే రంగు దారంతో ముడి వేస్తుంది. ముక్కలన్నీ విడివిడిగా నేలమీద పడి ఉన్నా, ఎర్రది ఎర్రదాన్ని వెతుక్కుంటుంది, పచ్చది పచ్చదాన్ని. కొత్త గుడ్డ తెచ్చి వాటి మీద పరిచి కోస్తే చాలు. వ్యాన్‌ని కూడా అలాగే విప్పుదామనుకుంది.

పొద్దున్నే పక్క కొట్టు టైర్ల బాబాయి గాలి మిషను గొట్టం లాక్కుంటూ వచ్చాడు. పంక్చర్లు వేస్తాడు. వీధి మొత్తానికి బాబాయి. దబ్బనమ్మను మాత్రం వదినా అంటాడు.

"వదినా, ఈ బండి గుడ్లు పొదిగే కోడిలా నేలకి కరుచుకుపోయింది. లేపితే పొడుస్తుందేమో!"

"బండి పొడవదు. నేను పొడుస్తాను. నోట్లో గాలి టైర్లోకి కొట్టవయ్యా."

నాలుగు టైర్లూ లేచాయి. వ్యాన్ ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమంది. దబ్బనమ్మ సంచిలోంచి తాళంచెవి తీసింది. అల్లుడికి ఇవ్వలేదు. తనే తాళంలో పెట్టి తిప్పింది. వెనక తలుపు సగం తెరుచుకుందో లేదో, లోపలి నుంచి హెల్మెట్ ఒకటి దొర్లి కింద పడి, గిరగిరా తిరుగుతూ వచ్చి ఆమె పాదానికి కొట్టుకుని ఆగింది.

దబ్బనమ్మ వంగి తీసింది. లోపల మాస్కు లేదు, మేజోళ్ళు లేవు.

"టైర్లు దిగి బండి ఒరిగింది కదా, లోపలివి ఎక్కడో రాలిపడి ఉంటాయి" అంది. ఎవరూ అడగలేదు. తనే అంది. హెల్మెట్‌కు ఎర్రదారం ముడి వేసి, అది దొర్లిన చోట ఉన్న సంచికి ఇంకో ఎర్రముడి వేసింది.

తర్వాత ఒక పట్టీ. కొస మడత లేకుండా కిందికి వేలాడుతోంది. పైగా కొక్కెం ఎక్కాల్సిన రింగుకు ఎక్కకుండా పక్కదానికి ఎక్కింది. "ఎలకలు లాగాయేమో" అంది. ఉండలా చుట్టి కుక్కేసిన రబ్బరు సూటు ఒకటి వచ్చింది. అది నీటికోడిదే. విప్పితే బూజు, కుళ్ళిన చెమ్మ వాసన. తడి ఆరకుండానే లోపల పెట్టినట్టుంది. దబ్బనమ్మ ఈసారి అల్లుడి మొహం చూసింది. అతను మాస్కుల సంచి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దానిమీద సీసపు దిమ్మల బెల్టు పడేసి ఉంది. సంచిలో అద్దం ముక్కలు గలగలమన్నాయి.

"నువ్వు గానీ ఎప్పుడైనా తెరిచావా?" అంది దబ్బనమ్మ.

"తాళం మీ దగ్గరే ఉంది కదత్తయ్యా."

"మరి నువ్వేమయ్యా?" అని టైర్ల బాబాయి వైపు తిరిగింది.

"నేనా! బకెట్లో నీళ్ళు చూస్తేనే బెదిరే మనిషిని. ఈ సామాను నాకెందుకు వదినా?" అన్నాడు బాబాయి. తర్వాత అతనికీ ఏదో తేడాగా ఉందనిపించినట్టుంది. గొట్టం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

తీసేకొద్దీ అదే తీరు. గిన్నె ఒక చోట, స్టవ్వు ఇంకో చోట. తెడ్లు ఒకటి అటు, ఒకటి ఇటు. గాలిపడవను చుట్టకుండా మడిచి తోసేసి ఉంది. తోసిన చోట అరచేతి గుర్తు దుమ్ములో ఇంకా ఉంది. దబ్బనమ్మ వేళ్ళు దారం ముళ్ళు వేస్తూనే ఉన్నాయి. ఆకుపచ్చ, పసుపు, నలుపు. ఇన్నాళ్ళూ తలుపు మూసి కాపలా కాసింది దీన్నా? ఎవరి చెయ్యి ఇది?

పచ్చ గుడారం మూట పక్కకు లాగగానే అల్లుడు ఆగిపోయాడు. "అత్తయ్యా, ఇటు చూడండి."

గుడారం వెనక ఇంకో లోకంలా ఉంది. హెల్మెట్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని కడుపులో ఒక్కో మాస్కు, ఒక్కో మాస్కులో మేజోళ్ళ జత. సిలిండర్లు అడ్డంగా పడుకున్నాయి. సందు సందుకీ రెక్కలు దిగి ఉన్నాయి, కొలిచి కోసి పెట్టినట్టు. పట్టీలు వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. కొసలు మడతలు పడి లోపలికి దోపి ఉన్నాయి.

దబ్బనమ్మ బండిలోకి ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుంది. జీవితమంతా కుట్టు చూసిన మనిషి. కుట్టినవాళ్ళ చెయ్యి ఎక్కడ అలిసిందో, ఎక్కడ కునుకు పట్టిందో, ఎక్కడ మనసు పక్కకు పోయిందో కుట్టు చూసి చెప్పేస్తుంది. ఆ హెల్మెట్ల వరస మీద చెయ్యి వేసింది. "ఇక్కడిదాకా చెయ్యి బాగుంది." చెయ్యి ఇవతలికి జరిపి ఖాళీ చోట పెట్టింది. "ఇక్కడ మొదలైంది."

"ఏం మొదలైంది వదినా?" అన్నాడు బాబాయి బయట నుంచి.

అల్లుడే చెప్పాడు, ఆగి ఆగి. "ఆ సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది. సర్దేశాను, ఇప్పుడు తెరవకు, మొత్తం మీద పడుతుంది అంది. మేడమ్‌గారికి కూడా పట్టలేదా అని ఎగతాళి చేశాను. తనూ నవ్వింది. వీపు మాత్రం తలుపు మీంచి తియ్యలేదు. నిలబడలేక ఆనుకుందని..."

"నా దగ్గరికీ వచ్చింది. పీట మీద కూర్చుంది. వ్యాన్ చిన్నదైపోయిందే అమ్మా అంది" అంది దబ్బనమ్మ. వీధివీధంతా ఎన్నోసార్లు విన్న మాట అది. ప్రతిసారీ ఆ తర్వాత నవ్వు వచ్చేది. ఇవాళ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. "నేను లావయ్యావన్నాను."

టైర్ల బాబాయి చప్పుడు కాకుండా తన కొట్టుకు వెళ్ళి గాలి మిషను వేశాడు. గాలి కొట్టాల్సిన టైరు ఒక్కటీ లేదు. మిషను అలా దడదడా మోగుతూనే ఉంది. షెడ్డులో ఎవరు ఎంత ఏడ్చారో వీధికి వినపడలేదు.

గాలి మిషను ఆగిన తర్వాత అల్లుడు ముక్కు తుడుచుకుని అన్నాడు. "అత్తయ్యా, ఇక్కడితో ఆపేద్దాం. ఈ లోపలిది మాత్రం తనదే. ఇది ఇలాగే ఉంచండి. సిలిండర్లకి ఎవర్నో ఒకర్ని బతిమాలుకుంటాను."

దబ్బనమ్మకు ప్రాణం లేచివచ్చింది. అవునని నోటిదాకా వచ్చింది. తలుపు మళ్ళీ మూసెయ్యొచ్చు. ఈసారి లోపల ఏముందో తెలిసే కాపలా కాయొచ్చు. ఆమె సిలిండర్ల సందులో దిగిన ఒక రెక్కను వేలితో నిమిరింది. ఆ పిల్ల ఎంత ఓపికగా దించిందో! ఇవి సర్దేటప్పటికి ఆ పిల్లకు ఇంకా తలనొప్పి మొదలవలేదు. ఏదో కూనిరాగం తీస్తూ ఉండి ఉంటుంది.

"నీటి కింద ఊపిరి వీటిలోదేనా నీకు?" అంది.

"అవును."

"బతిమాలి తెచ్చుకున్నవి బాగున్నాయో లేదో ఎవరు చూస్తారు?"

"నేనే చూసుకుంటాను."

"ఇవి నా నీటికోడి చూసి పెట్టినవి. తియ్యి. వద్దు, నువ్వు ఆగు. నేనే తీస్తాను."

ఒక్కో వస్తువుకూ ముడి వేసింది. ఒక్కోటీ తనే లాగి అతని చేతికిచ్చింది. సిలిండరు బరువుకు నడుము పట్టేసినా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. ఆఖరికి వ్యాన్‌లో ఇనప నేల మిగిలింది. ఆమె దిగలేదు. ఆ ఖాళీ మధ్యలో కాసేపు అలాగే కూర్చుంది.

సిలిండర్లు పరీక్షకు వెళ్ళి, కొత్త ముద్రలు వేయించుకుని వచ్చాయి. ఈలోగా దబ్బనమ్మ కూతురి సూటుకు బూజు కడిగి, నీడన ఆరేసి, మడిచి తన బట్టల్లో పెట్టుకుంది. సూటూ, ఆ పిల్ల రెక్కలూ, నీళ్ళలో తొడుక్కునే జాకెట్టూ ఈసారి బండి ఎక్కవు. కొత్త జోడీ సామాను తీరంలోనే ఉంది.

సర్దే రోజు లోపలి సగం ఒక్కసారికే కుదిరింది. ఎర్రది ఎర్రదాన్ని వెతుక్కుంది, పచ్చది పచ్చదాన్ని. సిలిండర్లు అడ్డంగా పడుకున్నాయి, రెక్కలు సందుల్లోకి జారాయి. పట్టీ బిగించి కొస మడత పెట్టి దోపితే, ఆ చెయ్యే మళ్ళీ వచ్చి సర్దినట్టుంది.

ఆ తర్వాత అల్లుడు ఖాళీ హెల్మెట్ తీసుకున్నాడు. దాని ఎర్రముడి చూసి, సంచి మీద ఎర్రముడి చూసి, సంచి పక్కన ఖాళీగానే ఒరగేసి పెట్టబోయాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఎలా తీశామో అలాగే పెట్టమన్నారు కదా. వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారు."

దబ్బనమ్మ కత్తెర తీసింది. హెల్మెట్ మీద దారం తెంచేసింది. సంచి మీద దారం తెంచేసింది. తెడ్లు, గిన్నె, గాలిపడవ, గుడారం, ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి తెంచేసింది. "అది నా కూతురు సర్దింది కాదు. నొప్పి సర్దింది. నా కూతురైతే ఎలా సర్దేదో అలా సర్దుదాం."

ఎలా సర్దేదో ఇద్దరికీ తెలుసనే అనుకున్నారు. హెల్మెట్‌లో మాస్కు పెట్టారు, గిన్నెలో స్టవ్వు పెట్టారు. తెడ్లు ఒక పక్కకు చేర్చారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి గుడారమూ, పక్కచుట్టలూ, ఒక గాలిపడవా నేలమీదే ఉన్నాయి. అంతా దించి మళ్ళీ ఎక్కించారు. ఈసారి పక్కచుట్టలు పట్టాయి, తెడ్లు పట్టలేదు. టైర్ల బాబాయి వచ్చి సలహా ఇచ్చాడు. అతని సలహాతో తలుపే పట్టలేదు.

"చాల్లేవయ్యా, వెళ్ళి నీ పంక్చర్లు చూసుకో."

"నాదేం తప్పు వదినా, మీ సామానే బలిసింది."

మళ్ళీ దించారు. తల ప్రాణం తోకకొచ్చింది. విచిత్రమేమిటంటే ఆ పిల్ల సామానంతా ఈసారి లేదు. చోటు మిగలాలి. అయినా పట్టడం లేదు.

అల్లుడు చెమట తుడుచుకుని, వ్యాన్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఇవాళ ఈ వ్యాన్ చిన్నదైపోయింది అత్తయ్యా" అన్నాడు.

దబ్బనమ్మ చేతిలో తెడ్డు జారి కిందపడింది. ఒక్క అంగలో అతని దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. "కూర్చో. ముందు కూర్చో. తల నొప్పిగా ఉందా? నిజం చెప్పు. కళ్ళు ఇటు తిప్పు, నా వంక చూడు. బాబాయ్! ఏమయ్యా! నీళ్ళు తే!"

"లేదత్తయ్యా. నాకేం లేదు. ఊరికే అన్నాను."

"ఊరికే అంటారా అలా? ఎవరైనా ఊరికే అంటారా? తల నొప్పిగా ఉందా అని అడుగుతున్నాను. చెప్పవేం?"

"లేదు. నొప్పి లేదు. నిజంగా లేదు."

ఆమె చెయ్యి తియ్యలేదు. అతను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, దానిమీదే మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దబ్బనమ్మ రెండో చేత్తో అతని తల నిమురుతూ, "నొప్పి లేదుగా? లేదుగా?" అని అడుగుతూనే ఉంది. నీళ్ళు తెచ్చిన బాబాయి చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆమె అడుగుతున్నది ఎవరినో అతనికి తెలుసు.

ఆఖరికి మిగిలినవి టాపు మీదికి ఎక్కాయి. గుడారం, ఒక గాలిపడవ, తెడ్లు. దబ్బనమ్మ లోపలికి వెళ్ళి మిగులు టార్పాలిను ముక్క తెచ్చి, అంచులు మడిచి, మూట కొలతకు అక్కడికక్కడే దబ్బనంతో కుట్టింది. పట్టీలు వేసి బిగించింది. కొసలు మడతలు పెట్టి దోపింది. తాళంచెవి సంచిలోంచి తీసి అల్లుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

అల్లుడు బండెక్కి, అద్దం దించి టాపు వైపు చూశాడు. "చూసినవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పారిపోతున్నామనుకుంటారు" అన్నాడు. నవ్వుదామని చూశాడు, రాలేదు.

"అనుకోనీ" అంది దబ్బనమ్మ. "చేరగానే ఫోన్ చెయ్యి. దిగేముందు చెయ్యి. పైకొచ్చాక చెయ్యి. ఒంట్లో ఏ మాత్రం తేడాగా ఉన్నా దిగకు. ఆ పెద్దాయనకీ చెప్పు."

"చెప్తాను."

"నువ్వు తిక్కగా ఏదైనా మాట్లాడితే నవ్వొద్దని చెప్పు. అడగమను. ఏమైందని అడగమను."

వ్యాన్ కదిలింది. వీధి మొగదాకా వెళ్ళిందో లేదో, టాపు మీద పట్టీ కొస ఒకటి ఊడి గాలికి రెపరెపలాడడం మొదలుపెట్టింది. దబ్బనమ్మ చెయ్యెత్తి పరిగెత్తింది. ఆ వయసులో ఆ మనిషి పరిగెత్తడం వీధి ఎప్పుడూ చూడలేదు. అల్లుడు అద్దంలో చూసి ఆపాడు. ఆమె వెనక చక్రం మీద కాలు వేసి, కడ్డీ పట్టుకుని పైకి లేచి, కొసను మడతపెట్టి దోపింది. ఒకసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది. అయినా వెంటనే దిగలేదు. టార్పాలిను మీద చెంప ఆనించి కొంచెంసేపు అలాగే ఉంది.

"అత్తయ్యా?" అన్నాడు అల్లుడు కింద నుంచి.

"ఏం లేదు. వెళ్ళు."

బండి మలుపు తిరిగాక ఆమె షెడ్డుకు వచ్చింది. వ్యాన్ నిలబడ్డ చోట మాత్రం దుమ్ము లేదు, చుట్టూ ఉంది. ఆ దుమ్ములో తెంచి పడేసిన దారం ముక్కలు, ఎరుపు, పసుపు, నలుపు. కొట్టు కట్టేముందు దారాలు ఊడ్చెయ్యడం దబ్బనమ్మకు అలవాటు. ఆ సాయంత్రం చీపురు తీసుకుని వచ్చి, గడప దగ్గరే నిలబడి చూసి, దాన్ని గోడకు ఆనించి వెళ్ళిపోయింది.